గనిలో మంద

ధవళేశ్వరం కొండపక్క, ఆనకట్టకు రాయి తవ్వి వదిలేసిన గనిలో అచ్చియ్యమ్మ మేకలమంద కట్టేది. పగిలిన పాదాలు, నడుముకు బిగించిన చెంగు. పగలు ఏటిగట్టున మేకలకు తుమ్మకాయలు మేపి, సాయంత్రం ఆ రాతిపొడి మీద పడుకోబెట్టేది. మొలక కనబడగానే మందను పక్కకు జరిపేది. పొలానికి మంద కట్టమని రైతులు పిలిచినా పోలేదు. "రాళ్లకు ఎరువేస్తున్నావా అచ్చియ్యమ్మా?" అని నవ్వేవారు. ఆరేళ్లకు తుమ్మలు లేచాయి, వాటి నీడన గరిక పాకింది. ఊరి గేదెలు మేతకొచ్చాయి, కుందేళ్లు చేరాయి.

అప్పుడు కచేరీ బంట్రోతు వచ్చాడు. "ఇది సర్కారు అడవి. మేకలు మొక్కలు తినేస్తాయి, తోలుకుపో."

"అడవెప్పుడైందండి బాబూ? మొన్నటిదాకా ఉత్త రాళ్లేగా!" ఆమె వంగి, ఎండిన మేక పెంటిక ఒకటి తీసి అతని ఎదుటే నలిపింది. లోపల తుమ్మగింజ ఉంది. "నాటినోళ్లనే పొమ్మంటున్నారండి మీరు."

అతను గింజకేసి చూశాడు. రేపటికి ఇక్కడ మేక కనబడకూడదని గొణిగి దిగిపోయాడు.

మర్నాడు అక్కడ ఒక్క మేకా లేదు. గనిలోనే, ఇంకా గడ్డిపోచ మొలవని పైమెట్టు రాళ్ల మీద అచ్చియ్యమ్మ మందకు కొత్త కంచె పాతుతోంది.