కొలువు చెరువుకు కాపలా సిపాయిలు

వానలు మొహం చాటేసిన ఏడాది, జనం ఉప్పూ పప్పూ కూడా ఆలోచించి కొంటున్న రోజుల్లో, దసరా సరుకు కోసం నాయన ఇచ్చిన డబ్బంతా పెట్టి తుపాకులు పట్టుకున్న ప్లాస్టిక్ సిపాయిలను కొనుక్కొచ్చిన మొనగాణ్ణి అనంతపురం బజారు మొత్తమ్మీద నేనొక్కణ్ణే. ఆ రికార్డు ఇంతవరకూ చెక్కుచెదరలేదు. మొన్న మా మనవడు సెల్‌ఫోన్లో ఏదో పాతకాలపు ఆట ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. తెర మీద ఆకుపచ్చ టోపీవాడొకడు కాల్చుకుంటూ ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతున్నాడు. అడవి దాటాడు, తాళ్ల వంతెన దాటాడు, జలపాతం వచ్చింది. మావాడు దాన్ని కన్నెత్తి చూడకుండా దాటించేశాడు. "ఉండరా, ఆడ ఒక రవ్వ నిలబడు" అన్నాను, నాకు తెలియకుండానే. "నిలబడితే చచ్చిపోతాం తాతా" అన్నాడు. ఆ సంగతి వాడు నాకు చెప్పాలా?

ఎనభైల చివర్లో మాది గాజులు, రిబ్బన్లు, బొమ్మలు అమ్మే ఫ్యాన్సీ అంగడి. అక్షరాల కన్నా ముందు బేరం నేర్చినవాణ్ణి కాబట్టి, సరుకు తేవడానికి నాయన మొదటిసారి నన్ను ఒంటరిగా మద్రాసు పంపాడు. అక్కడొకడు విదేశీ సిపాయి బొమ్మలు చూపించాడు. టోపీవాడు, నల్ల ముసుగువాడు, ప్యాంటు వేసుకున్న ఆడ సిపాయి. సగానికి అడిగితే వాడు పావుకే ఇస్తానన్నాడు, ఉన్న పెట్టెలన్నీ ఎత్తుకుపోయేటట్లయితే. అమ్మేవాడు నాకంటే తక్కువ చెప్పినప్పుడు లేచి రావలసింది. నేను కాలు మీద కాలేసుకున్నాను. ఇవే సిపాయిలు టీవీలో పరుగెత్తే ఆట పెట్టె కూడా ఉందన్నాడు. పిల్లలు ఆట చూస్తారు, బొమ్మ కొంటారు అని నా బుర్ర అప్పటికే లాభం లెక్కలు వేస్తోంది. దాని మీదా బేరమాడాను. నేను ధర తగ్గించిన కొద్దీ వాడు పెట్టెలోంచి ఒక్కో వస్తువు తీసి పక్కన పెట్టాడు: రెండో ఆటగాడి మీటలు, మిగిలిన ఆటలు, ఆడే పద్ధతి రాసిన పుస్తకం. చివరికి ధర నాదైంది, సామాను వాడిదైంది.

పెట్టెలు విప్పగానే నాయన ఒక సిపాయిని గల్లాపెట్టె మీద నిలబెట్టి చాలాసేపు చూశాడు. "యుద్ధమేమన్నా వచ్చిందేమప్పా? ఎవురి మీదికి పోతాండావు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. "పండగ లోపల ఇవి అమ్ముడుపోతే సరే. లేదంటే గోరంట్లకు పోయి మీ బావ చెనిక్కాయల మండీలో కూచో. ఈ అంగడి ఇద్దర్ని సాకే స్థితిలో లేదు." బావంటే మా అక్క మొగుడు, వేరుశనగ వ్యాపారి. నన్ను పదిమంది ముందు "ఒరే గుమాస్తా" అని పిలిచే రోజు కోసం పెళ్లినాటి నుంచీ కాచుకొని ఉన్న మనిషి.

ఇంట్లో ఉన్న రంగుల టీవీని అంగట్లో పెట్టి ఆట మొదలుపెట్టాను. వీధి పిల్లలంతా వచ్చారు, వంతులు వేసుకొని ఆడారు, చేతులు దులుపుకొని వెళ్లారు. బొమ్మ ఒక్కటీ కదల్లేదు. టీవీలో పరుగెత్తే సిపాయిని చూశాక పెట్టెలో కదలకుండా నిలబడ్డవాడు ఎవరికి కావాలి? ఒకరోజు విడపనకల్లు నుంచి రిబ్బన్ల కోసం వచ్చిన రైతు ఒకాయన నా వెనక నిలబడ్డాడు. నేను ఆడుతూ జలపాతం దగ్గరికి వచ్చాను. ఆయన నా భుజం పట్టుకున్నాడు. "పోవద్దప్పా. రవ్వంత సేపు ఆన్నే ఉండు." కొండ మీంచి నీళ్లు తెల్లగా పడుతూనే ఉన్నాయి. "యాడిదప్పా ఈ నీళ్లు?" అన్నాడు. "ఉత్త బొమ్మన్నా" అన్నాను. "బొమ్మైతే ఏమి, పడుతాండాయి కదా" అన్నాడు. ఆయన కోసం నిలబడ్డాను. కుడివైపు నుంచి శత్రువులు వస్తూనే ఉన్నారు. వచ్చినవాణ్ణల్లా కాలుస్తూ నీళ్లకు కాపలా కాశాను.

నాకు సద్ది తెచ్చిన అమ్మ గడపలో నిలబడి ఇదంతా చూసింది. సాయంత్రానికల్లా టీవీ ఇంటికి తెమ్మంది. మా ఇళ్లలో దసరాకు బొమ్మల కొలువు పెడతారు. మెట్ల మీద బొమ్మలు, ఏటా కొత్తగా ఒకటైనా చేర్చాలి, కింద పళ్లెంలో నీళ్లు పోసి చెరువు చేయాలి. ఆ ఏడు కుళాయి దగ్గర బిందె కోసం జుట్లు పట్టుకుంటున్నారు. పళ్లెంలో నీళ్లు పోయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, ఖరీదైన కొత్త బొమ్మకు ఎవరి దగ్గరా దుడ్లు లేవు. అమ్మ ఖాళీ పళ్లెం పక్కన పెట్టి, దాని చోట టీవీ పెట్టింది. తెర మీద జలపాతం, అటొక సిపాయి, ఇటొక సిపాయి.

"కొలువులో సినిమా ఏందే?" అన్నాడు నాయన.

"చెరువు. కాపలాగాళ్లతో సహా" అంది అమ్మ.

ఆ తొమ్మిది సాయంత్రాలూ పేరంటాండ్ల మధ్య కూర్చున్న ఒకే ఒక్క మగవాణ్ణి నేను. పసుపు వాసన, గుగ్గిళ్ల పోపు వాసన, నా చేతిలో మీటలు. చిక్కేమిటంటే, కరెంటు పోతే ఆట మళ్లీ అడవి నుంచి మొదలు. అష్టమి నాడు ఇల్లు నిండిపోయింది. అందరికన్నా ముందు ఎదురింటి పెద్దమ్మ కూర్చుంది. కొలువుల విషయంలో వీధి మొత్తానికీ ఆమె మాటే మాట. ఆమెకు నచ్చితే పది ఇళ్లకు నచ్చినట్లు, నచ్చకపోతే గోరంట్ల బస్సే. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. వచ్చేసరికి తెర మీద అడవి.

"యాడ్రా నీళ్లు?" అంది పెద్దమ్మ.

"వస్తాండాయి పెద్దమ్మా" అంటూ పరుగు తీశాను. అడవిలో ఒక ప్రాణం పోయింది.

"వీడు నీళ్లు తెచ్చేలోపల మా మున్సిపాలిటీ కుళాయే వచ్చేట్లుండాది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇల్లంతా నవ్వు. వంతెన మీద రెండో ప్రాణం పోయింది. మిగిలింది ఒక్కటే. "తొందరగా నీళ్లకాడికి పోరా!" అని అమ్మ చెవిలో గుసగుస. చెమటకు మీటలు జారుతున్నాయి. కళ్ల ముందు శత్రువులు లేరు, మండీలో మా బావ ఉన్నాడు. ఆయన్నే కాల్చుకుంటూ వంతెన దాటాను.

జలపాతం వచ్చింది. పెద్దమ్మ ముందుకు వంగి, టీవీ అద్దాన్ని వేళ్లతో తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. తర్వాత పక్కనున్న సిపాయిని చేతిలోకి తీసుకొని, తిప్పి చూసి, "మా ఖాళీ పళ్లానికీ ఇద్దరు కాపలా కావాలప్పా. ఎంత?" అంది. నా జీవితంలో మొదటిసారి ధర పెంచి చెప్పడం మరిచిపోయాను.

పొద్దున అంగడి తెరిచేలోపల గడప ముందు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. విజయదశమి నాడు నాయన ఖాళీ పెట్టెలు విరగదీస్తూ, నా వైపు చూడకుండానే, "మీ బావకు రావడం లేదని చెప్పించు" అన్నాడు. ఆ రాత్రి ఎంత నిద్ర పోయానో, పక్కింట్లో బిందెల తగాదాకు కూడా మెలకువ రాలేదు.

ఇన్నేళ్లూ దీన్ని నా వ్యాపార తెలివిగానే చెప్పుకుంటూ వచ్చాను. నిజమైన లెక్క ఇది. బొమ్మల సొమ్ము కొన్న ధరకూ లారీ కిరాయికీ సరిపోయింది. ఆట పెట్టె మూడో ఏట కాలిపోయింది, అది దండుగ. బేరంలో నేను గెలిచింది ఏమీ లేదు, అమ్మినదంతా అమ్మే అమ్మింది. మిగిలిన సరుకు చెయ్యి విరిగిన సిపాయి ఒకడు. లాభమంటారా, ఆ అంగట్లోనే, ఆ వీధిలోనే గడిచిపోయిన ముప్పై చిల్లర ఏళ్లు.