కలకత్తా సరుకు

మొన్న అమ్మవారి పండుగకి ముందు విజయనగరం బజారులో పసుపూ కుంకుమా కొనుక్కుని వస్తుంటే, ఒక తోపుడుబండి మీద బుడగలకీ ప్లాస్టిక్ కళ్ళజోళ్ళకీ మధ్య అరచేతిలో పట్టేంత ఇనుప విల్లొకటి కనబడింది. మామూలు విల్లు కాదు. తుపాకీలా చేత్తో పట్టుకుని, తాడు వెనక్కి లాగి కొక్కేనికి తగిలించి, కింద మీట నొక్కితే బాణం వదిలే రకం. బాణానికి బదులు పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి పెట్టి ఉంచారు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. చేతిలోకి తీసుకుని, ఇది ఎవరు చేశారు బాబూ అని అడిగితే, బండి అతను నన్ను ఎగాదిగా చూసి, "సైనా సరుకమ్మా, గట్టిదే, పట్టుకెళ్ళు" అన్నాడు. నేను అడిగింది చేసినవాడి గురించి, అతను చెప్పింది వచ్చిన చోటు గురించి. అతని తప్పేమీ లేదు లెండి. ఇలాంటి జవాబు నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే, కాకపోతే అప్పట్లో ఆ చోటు కలకత్తా.

మాది ఇదే బజారులో ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, గొలుసులు, గునపాలు, నాగలి కర్రులు, బావి గిలకలు, తలుపు గడియలు, ఏం కావాలన్నా నెల్లిమర్ల వైపు నుంచీ రామతీర్థం వైపు నుంచీ రైతులు మా కొట్టుకే వచ్చేవారు. గల్లాపెట్టె దగ్గర నాన్న కూర్చునేవాడు. వెనక, వెలుతురు సరిగా రాని చోట, కాటా పక్కన ముక్కాలిపీట మీద నాన్న తమ్ముడు, మా చిన్నాన్న, మేకులు తూస్తూ కూర్చునేవాడు. నాన్న మాటకారి, నలుగురిలో నిలబడి నవ్వించగలడు. చిన్నాన్న నోట్లోంచి మాట రావాలంటే పండగో పబ్బమో రావాలి. కానీ ఆయన చేతులు మాత్రం ఊరుకునేవి కావు. తూకం లేని వేళల్లో వంకర మేకుని సుత్తితో తిన్నగా చెయ్యడం, బిగుసుకుపోయిన తాళంకప్పని విప్పి బాగుచెయ్యడం, ఏదో ఒకటి చేస్తూ ఉండేవాడు. ఊళ్ళో ఎవరింట్లో తాళంచెవి పోయినా మెల్లిగా మా పెరటి గుమ్మం వైపు వచ్చేవారు. ముందు గుమ్మంలోంచి వస్తే నాన్న చూస్తాడని వాళ్ళకీ తెలుసు.

కొట్టు వెనక మాకొక రేకుల షెడ్డు ఉండేది. దాన్ని తనకి ఇస్తే అందులో ఒక చిన్న కార్ఖానా పెట్టుకుని గేట్లూ కిటికీ ఊచలూ తాళాలూ తనే చేస్తానని చిన్నాన్న ఒకరోజు భోజనాల దగ్గర నాన్నని అడిగాడు. ఆయన జీవితంలో నోరు తెరిచి ఏదైనా అడగడం నేను విన్నది ఆ ఒక్కసారే. నాన్న కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదేమో. పప్పు కలుపుకుంటూనే, తల ఎత్తకుండా, "మనం ఇనుము అమ్మీవాళ్ళంరా, కొట్టీవాళ్ళం కాదు" అన్నాడు. అంతే, ఆ మాటతో షెడ్డు సంగతి ముగిసిపోయింది. చిన్నాన్న మజ్జిగ పోసుకుని తిని లేచిపోయాడు.

ఆ ఏడే నా విల్లు గొడవ మొదలైంది. మా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, దసరా పదిరోజులూ బడిపిల్లలు మేష్టారి వెనక రంగు కాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. బాణం కొసన ఉన్న చిన్న దొప్పలో పూరేకులో బుక్కాగుండో పోసి ఇంటి యజమాని మీద వదిలితే, ఆయన నవ్వుతూ మేష్టారికి ఏదో ముట్టజెప్పి, పిల్లలకి పప్పుబెల్లాలు పెట్టేవాడు. పువ్వులు మీద పడ్డాక పిల్లల్ని వట్టి చేతుల్తో పంపకూడదని పట్టింపు. అయితే మా బడిలో ఆ విల్లు మగపిల్లలకే ఇచ్చేవారు. మేం ఆడపిల్లలం వెనకాల నడుస్తూ పాటలు పాడటానికి మాత్రమే పనికొచ్చేవాళ్ళం. నేను పుట్టెడు అలక పూని మంచమెక్కితే, చిన్నాన్న నా పక్కన కూర్చుని, "నీకు నాను సేసిస్తాను. వెదురుది కాదు, ఇనపది" అని మాట ఇచ్చాడు. అది నా కోసం ఎంత చేశాడో, నాన్న కళ్ళ ముందు తన పనితనం పెట్టడం కోసం ఎంత చేశాడో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆ విల్లు చూస్తే అన్నయ్య మనసు కరిగి షెడ్డు ఇస్తాడని ఆయన ఆశ పెట్టుకున్నాడు.

కొట్టు మూసేశాక రోజూ పెరటి వసారాలో కూర్చుని చేసేవాడు. తలుపు గడియలోంచి తీసిన ఇత్తడి బద్ద దానికి ఒళ్ళయింది. పాడైన తాళంకప్పలోని నాలుకని అరగదీస్తే మీట అయింది. సైకిలు బ్రేకు తీగలోంచి పోగులు విడదీసి పేనితే తాడయింది. వంగే బద్దకి మాత్రం మా గోడగడియారంలో విరిగిపోయిన స్ప్రింగు ముక్క తీసుకున్నాడు, అక్కడే వచ్చింది చిక్కంతా. దాని కొసలకి చిల్లులు పెట్టబోతే బరమా దిగలేదు. అందుకని మామ్మ పాలు కాచే కుంపట్లో ఎర్రగా కాల్చి, చల్లార్చి, సులువుగా చిల్లులు పెట్టేశాడు. మామ్మ చూసి, "కుంపటి మీద పాలెట్టాలి గానీ ఇనుము ఎడతారేట్రా" అని సణిగింది. తీరా తాడు కట్టి లాగితే, వంచిన బద్ద వంగినట్టే ఉండిపోయింది. కాల్చడంతో దానిలోని బిగువంతా పోయింది. నేను ఏడుపు మొహం పెట్టాను.

స్ప్రింగులో మిగిలిన ముక్కని చిన్నాన్న నిప్పు దగ్గరికే పోనివ్వలేదు. చిల్లుల జోలికి పోకుండా, సానరాయి మీద నీళ్ళు పోస్తూ, వేడెక్కుతుందేమోనని వేలితో ముట్టుకుని చూసుకుంటూ, కొసల్లో చిన్న గాట్లు పెట్టాడు. నడుమని రెండు ఇత్తడి ముక్కల మధ్య పెట్టి మరలు బిగించాడు. బాణం గొడుగు ఊచ ముక్క, దాని కొసన మందుల డబ్బా రేకుతో మలిచిన చిట్టి గిన్నె. ఆ బాణం ఎగిరి ఎవరికీ తగలకూడదని, ఇత్తడి బద్ద అంచు దగ్గర అది ఆగిపోయేలా ఒక అడ్డు పెట్టాడు. మీట నొక్కితే టక్కుమని బాణం ఆగేది, గిన్నెలోని పూరేకులు మాత్రం ఎగిరి మొహం మీద పడేవి. మొదటిసారి అవి మామ్మ మీద పడ్డాయి. మామ్మ తలలోని రేకులు దులుపుకుంటూ, ఇక కుంపటి సంగతి ఎత్తలేదు.

ఆయుధపూజ నాడు కొట్లో కాటాని కడిగి, రాళ్ళకి పసుపు రాసి బొట్లు పెట్టి వరసగా పేర్చాక, చిన్నాన్న ఆ వరస చివర నా విల్లు కూడా పెట్టాడు. నాన్న చూశాడు, అక్కడే ఉండనిచ్చాడు. పూజలో పెట్టినదాన్ని ఎవరూ తియ్యరు కదా. మర్నాడు విజయదశమికి పక్క కొట్లవాళ్ళూ వాడుక రైతులూ ప్రసాదానికి వచ్చి కూర్చుని ఉండగా, చిన్నాన్న విల్లు నా చేతికిచ్చి కళ్ళతో సైగ చేశాడు. నేను బంతిరేకులు పోసి, గల్లాపెట్టె దగ్గర ఉన్న నాన్నకి గురిపెట్టి మీట నొక్కాను. రేకులు నాన్న మీసం మీదా చొక్కా మీదా పడ్డాయి. నాన్న పకపకా నవ్వాడు. అలా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు. విల్లు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మీట నొక్కి చూసి, మళ్ళీ తాడు లాగి నొక్కి చూశాడు. వెనక కాటా దగ్గర చిన్నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు ఎదురుకొట్టు సావుకారు, "ఏటిది బావా, ఇంత ముద్దుగున్నాది, ఎక్కడిది?" అని అడిగాడు.

నాన్న విల్లు గల్లాపెట్టె మీద పెట్టి, "కలకత్తా సరుకు" అన్నాడు.

నాకు పప్పుబెల్లాలు రెండు దోసిళ్ళు దొరికాయి. చిన్నాన్న వెళ్ళి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

నాన్నని ఒట్టి దుర్మార్గుణ్ణి చేసి చెప్పడం నాకిష్టం లేదు. అప్పుడు చిన్నాన్నకి సంబంధాలు చూస్తున్నారు. సావుకారి తమ్ముడు ఆకురాయి పట్టుకుని ఇనుము గీకుతాడని తెలిస్తే పిల్లనెవరిస్తారని భయపడ్డాడని మామ్మ తరవాతెప్పుడో చెప్పింది. సంబంధం కుదిరింది, పిన్ని వచ్చింది, షెడ్డులోకి సిమెంటు బస్తాలు వచ్చాయి. అయినా నాకు నాన్న మీద కోపం పోలేదు, పోతుందని కూడా అనుకోను. విల్లుని ఆయన నాకు తిరిగి ఇవ్వనైనా ఇవ్వలేదు. గల్లాపెట్టె పక్కన అద్దాల బీరువాలో పెట్టాడు. వచ్చినవాళ్ళందరూ అడిగేవారు, నాన్న అదే జవాబు చెప్పేవాడు. వెనక మేకులు తూస్తున్న మనిషికి ఆ జవాబు వినబడుతూనే ఉండేది. సంబంధాలు చూసే కాలం ఎప్పుడో దాటిపోయింది, పిన్నికి పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యారు, జవాబు మాత్రం మారలేదు. ఒకసారి చెప్పిన మాట దిద్దుకోవడం నలుగురిలో తిరిగే మనిషికి అంత కష్టం కాబోలు.

చిన్నాన్న మళ్ళీ ఏదీ చెయ్యలేదు. తాళంచెవి పోయిందని వచ్చినవాళ్ళకి, చూపు ఆనడం లేదని చెప్పి పంపేసేవాడు, నిండా నలభై లేని మనిషి. ఏటా ఆయుధపూజకి మాత్రం బీరువాలోంచి విల్లు తీసి, మీటకి కుట్టుమిషను నూనె చుక్క వేసి, గుడ్డతో తుడిచి, కాటా పక్కన పెట్టేవాడు. నేను పెళ్ళై శ్రీకాకుళం వెళ్ళిపోయాక కూడా దసరాకి వచ్చినప్పుడల్లా ఆ విల్లు తళతళలాడుతూ కనిపించేది. నీకు కష్టంగా లేదా చిన్నాన్నా అని అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. నా చేతిలో రెండు బెల్లం ముక్కలు పెట్టి నవ్వేవాడు, నేను అడగలేకపోయేదాన్ని.

ఒక వానాకాలం జ్వరం వచ్చి, అది ముదిరి చిన్నాన్న పోయాడు. ఏడాది సూతకమని ఆ దసరాకి కొట్లో పూజ చెయ్యలేదు. మరుసటి ఏడు నేను వెళ్ళేసరికి నాన్న బీరువా తెరిచి విల్లు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. మీట తుప్పుపట్టి కదలడం లేదు. నూనె ఎక్కడుంటుందో ఆయనకి తెలియదు, వెతికి నేనే ఇచ్చాను. చుక్క వేసి, పంచె చెంగుతో తుడుస్తూ ఉండగా, రామతీర్థం నుంచి గునపం కోసం వచ్చిన రైతొకడు వంగి చూసి, ఇదెక్కడిది సావుకారూ అని మామూలుగా అడిగాడు.

"మా తమ్ముడు సేసినాడు."

అనేసి, నాన్న తల తిప్పి వెనక కాటా వైపు చూశాడు. ముక్కాలిపీట మీద ఎవరో మేకుల గోతాం పెట్టారు. రైతు మంచి పనోడన్నమాట అని, గునపం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాన్న మాత్రం ఇంకా అటే చూస్తున్నాడు, తమ్ముడు విన్నాడా లేదా అన్నట్టు.

కొట్టు ఇప్పుడు లేదు. షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. దసరాకి విల్లంబులు పట్టుకుని తిరిగే పిల్లలు కనబడి ఎంతకాలమైందో నాకే గుర్తులేదు. ఆ రోజుల్లో చేసినవాడు ఇంట్లోనే ఉన్నా అతని గురించి చెప్పడం నామోషీ, ఇప్పుడు చెబుదామన్నా బండి మీది వస్తువు ఏ తల్లి కన్నబిడ్డ చేశాడో అమ్మేవాడికే తెలియదు. నేను ఆ చైనా విల్లు కొనలేదు. ఇంటికి వచ్చి మా విల్లు దించి నూనె వేశాను. కొట్టు మూసేశాక అది నా దగ్గరికే వచ్చింది, ముందుగదిలో అందరికీ కనబడేలా ఉంటుంది. వచ్చినవాళ్ళు అడిగినా అడగకపోయినా, మా చిన్నాన్న చేశాడు అని చెప్తాను, కొంచెం గట్టిగానే చెప్తాను. ఎంత గట్టిగా చెప్పినా నేను చెప్పడం వేరు. ఆ మాట ఆయన మా నాన్న నోట వినాలనుకున్నాడు.