దొరక్కపోతే ఊరుకోమన్న లైను

రెండువేల ఐదు ప్రాంతంలో నేను కర్నూలులో, రైతులకు వేరుశనగ విత్తనం పంచే ఆఫీసులో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. నా చదువు పదో తరగతి. అంతకుముందు నూనె మిల్లులో బస్తాలు లెక్కపెట్టాను. ప్రోగ్రాములు రాయడం నలభై దాటాక పుస్తకాలు చూసి నేర్చుకున్నాను.

ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

వానలు పడ్డ వారం. ఆఫీసు ముందు వరసలో మనుషులకన్నా చెప్పులు, పాసుపుస్తకాలే ఎక్కువ. చోటు కోసం అవి పెట్టి జనం నీడకు పోయేవాళ్లు. ఒకామె కిటికీ దగ్గరికి వచ్చింది. గుమాస్తా తెర చూసి అందరికీ వినబడేట్టు అన్నాడు.

“ఏమ్మా, నీ మూడు బస్తాలు మొన్ననే ఎత్తుకపోయినావని ఉండాది గదా ఈడ!”

“యాడికి ఎత్తుకపోతిని నాయనా? మొన్న లైను పోయిందని మీరే గదా రేపు రాపో అంటిరి! నేల పదును ఆరిపోతాంది, నేనేం విత్తుకోవల్ల?”

“కంప్యూటరు అబద్ధం చెప్తాదా?”

వరసలోంచి ఒకడు, “ఇంట్లో మంచం కింద చూసుకోపోమ్మా!” అన్నాడు. నవ్వారు. ఆమె నవ్వలేదు.

నేను లెక్కకు కూర్చున్నాను. ఇచ్చినట్టు ఆఫీసు జాబితాలో ఉన్న బస్తాల్లోంచి గోడౌన్ జాబితాలో బయటికి పోయినవి తీసేస్తే ముప్పై తొమ్మిది తేలాయి. మనిషికి మూడు. అంటే ఆమె ఒక్కతే కాదు, పదముగ్గురు. గోడౌన్‌కు పోయి, ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తాల నిట్లు ఎక్కి లెక్కపెట్టాను. ఆ ముప్పై తొమ్మిది బస్తాలూ అక్కడే ఉన్నాయి.

ఆఫీసు జాబితా, గోడౌన్ జాబితా రెండు వేరు వేరు డేటాబేసులు. రాస్తే రెండిట్లోనూ రాయాలి, లేదా దేంట్లోనూ రాయకూడదు. ఆ పూచీ పడేది ట్రాన్సాక్షన్ మేనేజర్. అది ప్రోగ్రాములను నడిపే అప్లికేషన్ సర్వర్ లోపల ఉంటుంది. మన ప్రోగ్రామే దాన్ని పేరు పెట్టి అడిగి తెచ్చుకోవాలి. ఒక్కో కంపెనీ సర్వర్‌లో దానికి ఒక్కో పేరు. ఈ ప్రోగ్రాం మొదట కడప ఆఫీసులో నడిచింది. దాన్నే తెచ్చి మా దగ్గర పెట్టారు. మాది వేరే కంపెనీ సర్వర్. కడప పేరుతో అడిగితే ఇక్కడ ఏం దొరుకుతుంది?

దొరక్కపోవడం తప్పు కాదు. దొరక్కపోతే ఎవరికీ చెప్పకుండా ముందుకు పొమ్మని ప్రోగ్రాంలో ఒక లైను రాసిపెట్టారు. అదీ తప్పు. గోడౌన్‌కు కలిపే ఫోన్ లైను తెగిన ప్రతిసారీ ఇక్కడ ‘ఇచ్చినాం’ అని పడింది, అక్కడ ఏమీ పడలేదు.

హైదరాబాదులో అది రాసిన ఇంజనీరుకు ఫోన్ చేశాను.

“దొరకలేదని ఆగిపోతే క్లయింట్ తిడతారు కదా సార్, అందుకే అలా పెట్టాం.”

“ఆగింటే నన్ను తిట్టేవాళ్లప్పా. ఆగలేదు, అందుకని ఆయమ్మను దొంగ అన్నారు. ఏది మేలు?”

“సార్, మీరు పర్సనల్‌గా తీసుకుంటున్నారు.”

ఫోన్ పెట్టేశాను. ప్రోగ్రాంలో ట్రాన్సాక్షన్ మేనేజర్‌కు మా సర్వర్‌లో ఉన్న పేరు రాశాను. అది దొరక్కపోతే ప్రోగ్రాం అసలు మొదలే కాకూడదని రాశాను. పదముగ్గురి లెక్క సరిచేసి కాగితం ఆఫీసరు ముందు పెట్టాను. ఆయన ఆమెను పిలిచి మూడు బస్తాలకు చీటీ ఇచ్చాడు. ఆమె కదల్లేదు.

“అందరి ముందర దొంగనంటిరి. అందరి ముందరే కాదనండి.”

“విత్తనాలు ఇచ్చినాం గదమ్మా, ఇంకేం కావల్ల?” అని ఆయన లోపలికి పోయాడు.

నంబర్లు పిలిచే మైకు నేను తీసుకున్నాను. ఈమె బస్తాలు ఎత్తుకపోలేదనీ, తప్పు మా మిషన్‌దనీ రెండుసార్లు చెప్పాను. మంచం కింద చూసుకోమన్నవాడు తన చెప్పులు సర్దుకుంటూ తల వంచుకున్నాడు. ఆమె నా వైపు చూడలేదు. చీటీ కొంగున కట్టుకుని గోడౌన్ వైపు నడిచింది.

మిగిలిన పన్నెండు మందికీ కబురు పంపాం. ఎనిమిది మంది వచ్చారు. నలుగురు రానేలేదు. కంప్యూటరు మాటకు తిరుగులేదనుకుని పోయినవాళ్లు. పదును ఆరిపోయాక కూడా వాళ్ల పన్నెండు బస్తాలు గోడౌన్ మూలన అలాగే ఉన్నాయి. వాటి పక్కగా పోవాల్సి వచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టేవాణ్ణి.