వెళ్ళిన టైము

మార్తమ్మ కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు కొత్తరేవులో ఎవరూ లేరు. నాగాయలంక దాటి ఇంకా కిందికి, కృష్ణ ఇక సముద్రంలో కలిసిపోతుందనగా ఉంటుంది ఆ ఊరు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడి శాఖా గ్రంథాలయానికి ఆవిడే లైబ్రేరియను, ఆవిడే అటెండరు, చీపురు పట్టేదీ ఆవిడే. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ఆ రెండు గదుల పెంకుటింట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. సర్దిన బీరువానే మళ్ళీ సర్దుతుంది, కిటికీ తీస్తుంది, గాలికి పేపర్లు ఎగురుతున్నాయని మూస్తుంది, ఉక్కపోస్తోందని మళ్ళీ తీస్తుంది.

పేపర్ల సంగతి చెప్పాలి. కొత్తరేవులో పేపరు మొత్తంగా ఎవరి చేతిలోనూ ఉండదు. వచ్చిన అయిదు నిముషాల్లో షీటు షీటుగా విడిపోయి బల్లంతా తిరుగుతుంది. మొదటి షీటు మాత్రం శివరామయ్య గారిది. డెబ్బై ఏళ్ళ మనిషి, పొలం కౌలుకిచ్చేసి ఏం తోచక ఏడూ యాభైకే వచ్చి తాళం దగ్గర నిలబడేవాడు. ఆవిడ రెండు నిముషాలు ఆలస్యమైతే, "అమ్మాయ్, పేపర్లో వార్తలు నిన్నటివైపోయాయి" అనేవాడు.

"మార్తమ్మ గారేం చేస్తారండీ?" అని ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే ఊళ్ళో వాళ్ళు చెప్పే జవాబు ఒకటే. "పేపర్లు వేస్తారండీ, లైబ్రరీలో." ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ అరికాళ్ళలో మంట పుట్టేది. లైబ్రరీ సైన్సు చదివింది. పై ఆఫీసుకి పదకొండు అర్జీలు పెట్టింది, పెంకులు కారుతున్నాయని, బీరువాకి చెదలు పట్టిందని, బాత్రూం లేదని. ఒక్కదానికీ జవాబు రాలేదు. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ రాసిన ఉత్తరానికి తిరుగు ఉత్తరం అన్నది లేదు.

రెండువేల ఏడు జూన్‌లో, గుడివాడలో డిగ్రీ చదువుతున్న కూతురు దీవెన హాస్టల్ నుంచి ఫోన్ చేసింది.

"అమ్మా, మా కాలేజీ లైబ్రరీ బోర్డు మీద ఒకటి అంటించారు. ఆన్‌లైన్ ట్రైనింగ్ అంట, ఆరు వారాలు. ఫీజుకి వాళ్ళే గ్రాంటు ఇస్తారంట. నీలాంటి వాళ్ళకే."

"నాలాంటి వాళ్ళంటే?"

"డబ్బుల్లేని దేశాల లైబ్రేరియన్లు."

"దేశం సంగతి తర్వాత. మన లైబ్రరీలో కంప్యూటరేదే?"

"అవనిగడ్డలో నెట్ సెంటర్ ఉందిగా! నాన్న బస్సే ఎక్కు."

నాన్న అంటే మత్తయి, అవనిగడ్డ రూట్లో కండక్టరు. శుక్రవారం లైబ్రరీకి సెలవు కాబట్టి ఆ శుక్రవారమే మార్తమ్మ గుడివాడ వెళ్ళి, కూతురు పక్కన కూర్చుని ఫారం నింపింది. మూడు వారాలకి మెయిల్ వచ్చింది. అందులో మొదటి మాటే ఆవిడ మళ్ళీ మళ్ళీ చదివింది. ప్రియమైన తోటి లైబ్రేరియన్ గారికి, అని ఉంది.

తోటి లైబ్రేరియన్! ఆ కాగితం ప్రింటు తీయించుకుని బ్యాగు జిప్పులో పెట్టుకుంది. మత్తయి అయితే వారం రోజులు ఆటపట్టించాడు. "తోటి లైబ్రేరియన్ గారూ, ఇవాళ కూరేంటండీ?" ఊళ్ళో ఇంకో గోల. "గ్రాంటు వచ్చిందంట కదమ్మా, శ్లాబు ఎప్పుడు వేస్తున్నారు?" శ్లాబూ లేదు ఏమీ లేదు బాబూ, పాఠాలు చెప్తారంట అంటే, "పాఠాలా? ఈ వయసులోనా?" అని నవ్వు.

మెయిల్లో ఒక షరతు కూడా ఉంది. ఆరు గురువారాలు, ఆరు లైవ్ క్లాసులు. ఒకటి తప్పితే పర్లేదు, రెండు తప్పితే పేరు తీసేస్తారు.

మొదటిది మొదటి వారమే తప్పింది. టైము పన్నెండున్నర అని రాశారు. మార్తమ్మ మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా పన్నెండుకే నెట్ సెంటర్లో కూర్చుంది. తెర మీద ఎవ్వరూ లేరు. గంట సేపు అలాగే చూసి, గుడ్ ఆఫ్టర్‌నూన్ అని రెండుసార్లు టైపు చేసి, బస్సెక్కి వచ్చేసింది. అది మన టైము కాదంట, గ్రీనిచ్ టైమంట! మనకి సాయంత్రం ఆరు. నెట్ సెంటర్ పున్నారావు చెప్పేదాకా ఆవిడకి తెలీదు. అతను జెరాక్సులు తీస్తూనే చెప్పాడు, "రైలు టైము చూసుకున్నట్టు చూసుకోవాలండీ, మేడమ్."

ఇంక మిగిలిన అయిదూ తప్పకూడదు. సాయంత్రం ఆరంటే లైబ్రరీ తెరిచుండే టైము. అయిదింటికే బస్సెక్కాలి. క్లాసు ఒక్క రోజు అటు జరిపి శుక్రవారం పెడితే ఏ గొడవా లేదు, అదే రాసి అడిగింది. శుక్రవారం క్లాసులో ఇద్దరికి నమాజు అడ్డమని జవాబొచ్చింది. పర్మిషన్ కోసం పై ఆఫీసుకి పన్నెండో అర్జీ పెట్టింది. దానికి మామూలే. తాళం వేసి వెళ్దామంటే మనసొప్పలేదు. తెరిచి ఉండాల్సిన టైములో ఆ తలుపు మూసిన రోజు లేదు. లైబ్రరీ ఎలా నడపాలో నేర్చుకోడానికి లైబ్రరీ మూసుకుని వెళ్ళడమేంటి? ఆ వారమంతా ఆవిడ ఇంట్లో కూడా తిరుగుతూనే ఉంది. "కాస్త కూర్చోవే, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు మత్తయి.

బుధవారం సాయంత్రం శివరామయ్య గారే అడిగాడు. "ఏంటమ్మాయ్, ఒకే పుస్తకం నాలుగుసార్లు తీసి పెట్టావు?"

చెప్పింది.

"ఓస్ అంతేనా! నేను కూర్చుంటాలే నీ కుర్చీలో. నువ్వెటూ కూర్చోవుగా."

"పుస్తకాలు ఇవ్వకండి బాబాయ్ గారూ. తలుపు తెరిచుంచండి, పేపర్లు చూసుకోండి, రిజిస్టర్లో సంతకాలు పెట్టించండి. చాలు."

ఆయన కుర్చీ ఎక్కాక గానీ తెలీలేదు ఎంత కరుకు మనిషో. కుప్ప నూర్పిళ్ళ దగ్గర నిలబడి కూలీలని చూసుకున్న అలవాటు కాబోలు, గుమ్మం దగ్గర చెయ్యి అడ్డం పెట్టేవాడు. రిజిస్టర్లో వచ్చిన టైము అని ఒక గడి, వెళ్ళిన టైము అని ఒక గడి. వచ్చిన టైము అందరూ రాస్తారు, వెళ్ళిన టైము జన్మలో ఎవరూ రాయరు. శివరామయ్య గారు రాయకుండా ఒక్కరినీ గడప దాటనిచ్చేవాడు కాదు. "రాసి కదులు. వాచీ లేదా? గోడ మీద గడియారం ఉంది, తల ఎత్తు."

ఇటు అవనిగడ్డలో మార్తమ్మకి కొత్త లోకం తెరుచుకుంది. మనీలా నుంచి రోసా మేడమ్ పాఠం చెప్పేది. నేపాల్ ఆయన, కెన్యా ఆవిడ, బొలీవియాలో పొద్దున్నే కాఫీ తాగుతూ కూర్చునే ఇంకొకాయన. అందరూ ఇంగ్లీషులో టకటకా టైపు చేసేవాళ్ళు. ఈవిడ ఒక్కో అక్షరం వెతుక్కునేలోపు మాట ఎక్కడికో వెళ్ళిపోయేది. అయినా ఎవరూ పేపర్లు వేసే ఆవిడ అనలేదు. మార్తా, మీ దగ్గర ఎలా ఉంటుంది అని అడిగేవాళ్ళు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు రాయాల్సిన జవాబులన్నీ అప్పుడు తోచేవి.

ఆఖరి క్లాసుకి ప్రతి ఒక్కరూ అయిదు నిముషాలు చెప్పాలి. మీ లైబ్రరీకి ఎవరొస్తున్నారు, ఎంతసేపు ఉంటున్నారు, ఒక్కటంటే ఒక్కటి మారిస్తే ఏది మారుస్తారు. మార్తమ్మ నాలుగు గురువారాల రిజిస్టరు పేజీలు జెరాక్సు తీయించింది. మగవాళ్ళు గంటన్నర, రెండు గంటలు ఉంటున్నారు. టీచరు పోస్టుల పరీక్షకి చదువుకోడానికొచ్చే ఆడపిల్లలు మాత్రం యాభై నిముషాలు, గంట, అంతే. వీళ్ళకి శ్రద్ధ లేదు అనుకుంది. కంప్యూటరుంటే ఉంటారేమో అనుకుంది. నాలుగు పేజీలు రాసుకుంది, కంప్యూటరు కావాలని. దీవెన ఫోన్లో ఇంగ్లీషు దిద్దింది.

ఆఖరి గురువారం. ఆరూ నలభై. కెన్యా ఆవిడ చెప్తోంది, తర్వాత ఒకరు, ఆ తర్వాత మార్తమ్మ. కాళ్ళు కుర్చీ కింద ఆడుతూనే ఉన్నాయి. సెల్‌ఫోన్ మోగింది. శివరామయ్య గారు, గుసగుసగా.

"అమ్మాయ్, బందరు నుంచి ఎవరో గోవర్ధనరావంట, ఇన్‌స్పెక్షనంట. వచ్చి గంటైంది. నువ్వెక్కడని అడిగాడు."

"మీరేం చెప్పారండీ?"

"బాత్రూంకి వెళ్ళిందని చెప్పా."

"గంట నుంచా? బాబాయ్ గారూ, అసలు మనకి బాత్రూం ఎక్కడుందండీ?"

శివరామయ్య గారు గొంతు ఇంకా తగ్గించాడు. "అదే ఆయనా అడిగాడు."

లేచి నిలబడింది. బ్యాగు తీసుకుంది. ఇప్పుడు బస్సెక్కితే ఏడున్నరకి ఊళ్ళో ఉంటుంది, కాళ్ళో వేళ్ళో పట్టుకుంటే మెమో తప్పుతుందేమో. కానీ క్లాసు పోతుంది. రెండోది. పేరు తీసేస్తారు. తోటి లైబ్రేరియన్ అన్న మాట ఇంకెవరూ అనరు.

నిలబడే ఉంది. చెవిలో ఆ మాటే తిరుగుతోంది. అసలు బాత్రూం ఎక్కడుంది. తను మధ్యాహ్నం మూడు దాటితే మంచినీళ్ళు ముట్టదు. తప్పనప్పుడు రెండిళ్ళ అవతల సత్యవతమ్మ గారింటికి వెళ్ళొస్తుంది. పంతొమ్మిదేళ్ళు, అర్జీ పెట్టినప్పుడు కూడా, అది తన సొంత ఇబ్బంది అనుకుంది, లైబ్రరీ సంగతి అనుకోలేదు. మరి ఆ పిల్లలు? వాళ్ళు ఎవరింటికి వెళ్తారు?

జెరాక్సు కాగితాలు బయటికి లాగింది. యాభై నిముషాలు. గంట. యాభై అయిదు. శ్రద్ధ లేదంట!

"ఫోన్ ఆయనకివ్వండి బాబాయ్ గారూ." ఇచ్చాడు. "సార్, నేను మార్తమ్మనండి. అవనిగడ్డలో ఉన్నానండి, నెట్ సెంటర్లో. లైబ్రేరియన్ల క్లాసు. పర్మిషన్‌కి అర్జీ పెట్టానండి, జవాబు రాలేదు."

"జవాబు రాకపోతే వెళ్ళిపోతారా?"

"నా వంతు వచ్చేసిందండి. అయిదు నిముషాలు చెప్పి బస్సెక్కుతాను."

"అంటే నన్ను వెయిట్ చెయ్యమంటారా?"

"చెయ్యండి సార్. పేపర్ చూస్తూ ఉండండి."

అనేసి ఫోన్ పెట్టేశాక గానీ, ఏమన్నదో ఆవిడకి అర్థం కాలేదు. పున్నారావు జెరాక్సు మిషను ఆపేసి మరీ చూస్తున్నాడు.

రాసుకున్న నాలుగు పేజీలూ పక్కన పెట్టేసింది. ఇంగ్లీషు దిద్దేవాళ్ళు లేరు. తప్పో ఒప్పో టైపు చేసింది. మా లైబ్రరీలో ఆడపిల్లలు గంటకన్నా ఎక్కువ ఉండరు, రిజిస్టర్లో వెళ్ళిన టైము గడి చూస్తే తెలిసింది. పుస్తకం మీద ఇష్టం లేక కాదు. మాకు బాత్రూం లేదు. నేను కంప్యూటరు అడగను. బాత్రూం అడుగుతాను. ఇది నాకు అయిదు నిముషాల క్రితమే తెలిసింది.

పోయింది, నవ్వుకుంటున్నారు అనుకుంది. అప్పుడు కెన్యా ఆవిడ ఒక్క లైను రాసింది. మాకూ లేదు. వెనకే నేపాల్ ఆయన. మాకు ఉంది, తాళం హెడ్మాస్టరు జేబులో ఉంటుంది. రోసా మేడమ్ అయితే ఆ వెళ్ళిన టైము గడి గురించే మూడు ప్రశ్నలు వేసింది. అయిదు నిముషాలన్నది పదిహేనైంది.

బస్సు దిగి పరిగెత్తినట్టే నడిచింది. ఎనిమిదిన్నరవుతోంది, లైబ్రరీలో లైటు వెలుగుతోంది. గోవర్ధనరావు బల్ల దగ్గర ఆటల షీటు ముందు కూర్చునున్నాడు. కుర్చీలో శివరామయ్య గారు, ఒళ్ళో రిజిస్టరు.

"వెళ్తానంటే వెళ్ళనివ్వట్లేదమ్మా ఈయన" అన్నాడు గోవర్ధనరావు. "టైము రాయాలంట. నేను ఆఫీసర్నా, మీ రీడర్నా?"

"లోపలికొచ్చినవాడు ఎవరైనా ఒకటే" అన్నాడు శివరామయ్య గారు.

మార్తమ్మ ఆయాసపడుతూనే జెరాక్సులు బల్ల మీద పరిచింది. "సార్, మెమో ఇవ్వండి. దానికి ముందు ఇది చూడండి." వేలు పెట్టి ఒక్కో పేరూ, ఒక్కో టైమూ చూపించింది. గోవర్ధనరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒకటో పేజీ, రెండో పేజీ.

"మీరెంతసేపున్నారు సార్?"

"మూడు గంటలు కావస్తోంది."

"మరి మధ్యలో..."

"నేనే చూపించాగా, గోడ వెనకాల" అన్నాడు శివరామయ్య గారు.

గోవర్ధనరావు దగ్గాడు. కాగితాలు మడిచి తిరిగిచ్చేశాడు. "నాకివ్వకండి. నేను తీసుకెళ్తే ఇదీ మీ పన్నెండు అర్జీలతో పాటే పోతుంది. మీకు మెమో వస్తుంది, అది తప్పదు. మెమోకి మీరు సంజాయిషీ రాయాలి. అర్జీ అయితే ఎవరూ చదవరు గానీ, సంజాయిషీ చదవకుండా ఫైలు మూయడం కుదరదు. దానికి ఏం జతపరిస్తే అదీ చదవాల్సిందే."

మార్తమ్మ ఆయన మొహంలోకి చూసింది. "అయితే త్వరగా పంపించండి సార్."

ఆయన రిజిస్టర్లో వెళ్ళిన టైము రాసి, బందరు బస్సు కోసం వెళ్ళాడు.

మెమో పన్నెండు రోజులకొచ్చింది. సర్టిఫికెట్ మెయిల్ దానికి రెండు రోజుల ముందు. కింద రోసా మేడమ్ చేత్తో రాసినట్టు ఒక ముక్క కలిపింది. తోటి లైబ్రేరియన్ మార్తా, ఆరు నెలల తర్వాత ఏమైందో చెప్పాలి. మార్తమ్మ సంజాయిషీ మూడు పేజీలు రాసింది, నాలుగు గురువారాల జెరాక్సులు కుట్టింది, తప్పు నాదే అని మొదటి లైన్లోనే ఒప్పుకుంది, రిజిస్టర్డ్ పోస్టులో పంపింది.

పంపాక ఊరికే కూర్చోవాలిగా! కూర్చోదు. మర్నాడు శుక్రవారం, సెలవు. అయినా లైబ్రరీ వెనకాల, ముళ్ళతుప్పలు కొట్టేసిన జాగాలో కొబ్బరితాడు పట్టుకుని నిలబడింది. రెండో కొస శివరామయ్య గారి చేతిలో.

"అమ్మాయ్, ఆర్డరొచ్చిందా?"

"వస్తుంది."

"రాకముందే కొలతలేంటి?"

"వచ్చాక కొలుస్తూ కూర్చుంటే ఇంకో నెల పోతుంది. తాడు లాగి పట్టుకోండి బాబాయ్ గారూ, వంకర పోతోంది."