ఆవిడ గొంతు తీసేశారు

నన్ను స్వతంత్ర దర్శకురాలు అని పరిచయం చేసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మొన్న గన్నవరం వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కూడా అలాగే చేశారు. చేతిలో పూలగుత్తి పెట్టి, సొంతంగా సినిమాలు తీయాలంటే ఏ దారిన రావాలో పిల్లలకు చెప్పమన్నారు. నాకు తెలిసిన దారి చెబితే మళ్లీ నన్ను ఏ కాలేజీకీ పిలవరు. అందుకని ఓపిక, పట్టుదల అంటూ ఏవో నాలుగు ముక్కలు చెప్పి, వాళ్లు పెట్టిన టిఫిన్ తిని వచ్చేశాను. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది విజయవాడ. డిగ్రీ అయ్యాక పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో చేరాను. తలంబ్రాలకు ఒక పాట, అప్పగింతలకు ఒక పాట, ఎవరి పెళ్లయినా అవే పాటలు. తర్వాత హైదరాబాదులో ఒక దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా చేశాను. చేశానంటే, ఆయనకు కాఫీ తెప్పించాను, ఆయన అరుస్తుంటే విన్నాను, నేను రాసిన సీన్లు ఆయన పేరుతో తెర మీద చూశాను. పైగా, "ఆడపిల్లవి, సీరియల్స్ వైపు వెళ్లమ్మా, స్థిరంగా ఉంటుంది" అని సలహా కూడా ఇచ్చాడు. ఆ సలహా ఆయన దగ్గరే ఉంచుకోమని మా ఊరు వచ్చేశాను. దర్శకత్వం నాదే, నిర్మాణం నాదే అనుకుని సొంత సినిమా మొదలుపెట్టాను. ఏం అమ్ముకున్నాను, ఎవరి దగ్గర చెయ్యి చాపాను అన్నది రాయను. ఆ కథ ఈ రంగంలో ప్రతివాళ్లకూ ఉంది.

కథ ఒక నేతపని కుటుంబంలోని ఆడమనిషిది. ఆ వేషానికి విజయవాడలో నాటకాలు వేసే వాళ్లను చాలామందిని చూశాను. అందరూ ఉపన్యాసం ఇస్తున్నట్టే మాట్లాడారు. ఒకరోజు లొకేషన్ చూడటానికి చల్లపల్లి దగ్గర ఒక నేతగాళ్ల ఊరు వెళ్లాను. అక్కడ ఒకావిడ గుమ్మంలో నిలబడి, చీర అంచు బాగాలేదని తిప్పి తెచ్చిన షావుకారును నిలదీస్తోంది.

"వంకర అంచులో ఉందో మీ చూపులో ఉందో ఎండలోకి తీసుకెళ్లి చూద్దాం పదండి. నేనూ వస్తా."

బొంగురు గొంతు. ఇంట్లో మగ్గాలు ఆడుతుంటే ఆ చప్పుడు మీద నుంచి మాట్లాడీ మాట్లాడీ, ప్రతి మాటనూ కాస్త పైకెత్తి తుంచి వదిలే అలవాటు. షావుకారు చీర మళ్లీ మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. నాకు కావాల్సిన మనిషి దొరికింది.

"నా మొహం సినిమాకేం పనికొచ్చిద్దండీ" అందావిడ.

"మొహం సంగతి కెమెరా చూసుకుంటుంది. నాకు మీ మాట కావాలి" అన్నాను.

మన సినిమాల్లో ఒక ఆచారం ఉంది. తెర మీద ఒకరు పెదవులు కదుపుతారు, స్టూడియోలో మైకు ముందు నిలబడి ఇంకొకరు మాట్లాడతారు. తెలుగు రాని హీరోయిన్‌కు గొంతు అరువివ్వడం నాకు అర్థమవుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలుగే మాట్లాడుతున్న మనిషికి ఎందుకివ్వాలి? అందుకే నా సినిమాలో మాటలన్నీ షూటింగులోనే రికార్డు చేయాలని పంతం పట్టాను. సౌండ్ చూసే అతను మొదటిరోజు చుట్టుపక్కల మగ్గాలన్నీ ఆపించాడు. అంతే, ఆవిడకు మాట పెగల్లేదు. "చప్పుడు ఆగిపోతే ఎవరో చచ్చిపోయినట్టుందండీ, నాకు మాట రావట్లా" అంది. మగ్గాలు మళ్లీ ఆడించాం. ఆ మగ్గాల మీద నుంచి ఆవిడ మాట్లాడిన మాటలే నా సినిమా. మిగతాదంతా ఎవరైనా తీయగలరు.

సినిమా రెండు మూడు ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు వెళ్లింది. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. రిలీజ్ కోసం మాత్రం కాళ్లరిగేలా తిరిగాను. చివరికి చిన్న సినిమాలు కొనే ఒక హైదరాబాద్ సంస్థ నుంచి ఒకతను ఫోన్ చేశాడు.

"కంటెంట్ సూపర్ మేడమ్. ఆ ఆంటీ వాయిస్ ఒక్కటే చెవులకి గుచ్చుకుంటోంది. మంచి డబ్బింగ్ ఆర్టిస్ట్ ఉంది, చెప్పించేద్దాం."

"ఆవిడ గొంతు తీసేస్తే ఇంక మిగిలేదేంటండీ?"

"ఫేస్ ఉంటుంది కదా మేడమ్."

వెటకారానికి కాదు, నిజంగానే అన్నాడు. ఆ గొంతు మారిస్తే సినిమా ఇవ్వనని ఫోన్లోనూ చెప్పాను, మెయిల్లోనూ రాశాను. "మీ విజన్ మేడమ్, మేం రెస్పెక్ట్ చేస్తాం" అన్నాడు. అగ్రిమెంట్ అయింది. కొన్నాళ్లకు సౌండ్ కాస్త శుభ్రం చేయిస్తున్నామని, విజయవాడలోనే ప్రివ్యూ వేస్తున్నామని కబురు పెట్టాడు.

ఆవిడ పామర్రు మీదుగా బస్సులో వచ్చింది. వెంట వాళ్లమ్మను కూడా తీసుకొచ్చింది. ఆ ముసలావిడకు చూపు పోయి చాలా ఏళ్లయింది. సినిమాహాలు మెట్లెక్కించడానికి చెయ్యి పట్టుకుంటే, "కళ్లు లేకపోతే ఏంలే అమ్మాయ్, వింటా కదా. మా పిల్ల ఏం మాట్టాడిందో ఊళ్లో అందరికీ చెప్పాల" అంది. ఆవిడను మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాం.

లైట్లు ఆరాయి. మొదటి సీన్ గుమ్మం దగ్గర షావుకారుతో గొడవే. తెర మీద ఆవిడ నోరు తెరిచింది. లోపలి నుంచి ఇంకెవరిదో గొంతు వచ్చింది. పంచదార పాకం పోసినట్టు, ప్రతి మాటా సాగదీస్తూ, టీవీలో సబ్బు ప్రకటన చెబుతున్నట్టు. మగ్గాల చప్పుడు తీసేసి ఫ్లూట్ పెట్టారు. ఎవరో నా కళ్లముందే ఆవిడ గొంతు పిసుకుతున్నట్టనిపించింది. నేను లేచి, వెనక నిలబడి ఉన్న ఆ సంస్థ అతని దగ్గరకు వెళ్లాను.

"ఎవర్నడిగి మార్చారు?"

"టెక్నికల్ చేంజెస్ మేం చేసుకోవచ్చని అగ్రిమెంట్లో ఉంది కదా మేడమ్."

"మనిషి గొంతు టెక్నికలా?"

"ప్రెస్ వాళ్లున్నారు మేడమ్. తర్వాత మాట్లాడుకుందాం."

నన్ను ఊరడిస్తున్నట్టు భుజం తట్టబోయాడు. చెయ్యి తీయమన్నాను. ప్రొజెక్టర్ ఆపించి రచ్చ చేద్దామనే అనుకున్నాను. అక్కడ నా కోసం ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు కాబట్టి వెనక్కి వచ్చాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెర వైపే చూస్తోంది. పక్కన ముసలావిడ చెవి ఒగ్గి వింటోంది.

"ఈ మాట్టాడేదెవరే?"

"ఎవరో అమ్మా."

"బాగానే మాట్టాడతంది. నువ్వెప్పుడొస్తావు?"

"వస్తాలే, ఉండు."

ఇంకాసేపటికి మళ్లీ అడిగింది. ఆ తర్వాత మళ్లీ. తెర మీద కూతురి మొహం గోడంత పెద్దదిగా ఉంది. ఆ మొహం ఏడుస్తోంది, నవ్వుతోంది, షావుకారును ఇంట్లోంచి పంపేస్తోంది. తల్లి మాత్రం కూతురు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చుంది. కూతురు ఆవిడ చెయ్యి నిమురుతూ, వస్తాలే అంటూనే ఉంది. ఆ రెండు గంటలూ నేను సినిమా చూడలేదు, పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

లైట్లు వెలిగాయి. చప్పట్లు కొట్టారు. ఆ సంస్థ అతను ఆవిడను ముందుకు పిలిచి శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చాడు.

"అందరికీ నమస్కారమండీ. మాది చల్లపల్లి దగ్గరండీ. మగ్గం పని."

ముసలావిడ ఒక్కసారిగా నిటారుగా కూర్చుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇదిగో, వచ్చింది. ఇదే మా పిల్ల" అంది. మొహం వెలిగిపోతోంది.

"ఇందాకట్నుంచీ ఇందులో మాట్టాడింది..." అంటూ మైకులో ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతుంటే, అతను నవ్వుతూ మైకు లాక్కుని, అందరికీ భోజనాలు ఉన్నాయని చెప్పాడు. జనం లేచారు.

"ఏం, ఆపేసింది?" అంది ముసలావిడ. చెయ్యి ఇంకా వదల్లేదు. "మా పిల్లది ఇంకెంతసేపు ఉంటది అమ్మాయ్?"

"అయిపోయింది మామ్మగారూ" అన్నాను.

"ఈ నాలుగు ముక్కలకా ఇంత దూరం రమ్మన్నారు?" అంది ముసలావిడ.