తక్‌పట్టీలో ధర్మం

మందుల షాపులో స్పిరిటు వాసన ముక్కుకు తగిలితే చాలు, మరియమ్మ గుర్తొస్తుంది. గుర్తు రాగానే నా కడుపు మండుతుంది. ఇన్నేళ్ళయినా ఆ కుళ్ళు పోలేదు, దాచుకుని ఏం లాభం? ఆదోనిలో మా అమ్మకు ప్రాణం మీదికొచ్చిన ఏడాది పక్క గదిలో అద్దెకు ఉండిన మనిషి ఆమె. జిన్నింగు మిల్లులో పత్తిలో చెత్త ఏరే కూలి. ఒక్క అక్షరం రాదు. నేనేమో ఎనిమిదో తరగతి పాసైనదాన్ని. అయినా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా "మరియమ్మను పిలవండప్పా" అనేవాళ్ళే గానీ నా మొహం చూసినవాళ్ళు లేరు.

అమ్మకు క్షయ. యాభైల నాటి మాట. పెద్దాసుపత్రిలో డాక్టరు డబ్బు తీసుకోకుండా చూసేవాడు గానీ, కొత్తగా వచ్చిన సూదిమందు మాత్రం బయట కొనుక్కోవాలి. మధ్యలో ఆపితే మనిషి దక్కదన్నాడు. ఆలూరు దగ్గర మా చేలో పండిన పత్తంతా నాన్న ఆదోని మండీలో అమ్మేశాడు. ఆ డబ్బుతో సగం సూదులే వచ్చాయి. మంచంలోంచి అమ్మ పిలిచేది నన్ను కాదు. "మరియమ్మ మిల్లు నుంచి వచ్చినాదా?" అని అడిగేది. ఆమె గంజి పట్టిస్తే తాగేది, నేను పట్టిస్తే మొహం తిప్పుకునేది. కన్నకూతురిని నేనుండగా!

మండీ సావుకార్లు లేనివాళ్ళకు మందులిప్పిస్తారని విని, మరియమ్మకు చెప్పకుండా నేనే పోయాను. ముత్యాల్లాంటి అక్షరాలతో అర్జీ రాశాను, దీనురాలిని, దయతలచి భిక్ష పెట్టవలెను అని. నాన్న పత్తి కొన్న సావుకారి అది చదివి, "చేతిరాత శానా బాగుండాది పాపా. అమాస పోయినాక రా" అన్నాడు. అమావాస్య పోయాక పున్నమి అన్నాడు. రెండు సూదులు తప్పిపోయాయి. అమ్మ నెత్తురు కక్కుకుంది. సిగ్గు చంపుకుని మరియమ్మకు చెప్పాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. అడిగేదానికీ ఒక తీరుండాది" అంది. "మీ నాయన పత్తి అమ్మితే తక్‌పట్టీ ఇచ్చింటారు గదా, యాడుండాది?"

సరుకు అమ్మిన రైతుకు మండీలో ఇచ్చే చీటీ అది. పెట్టెలోంచి తీశాను.

"అందులో ధర్మం అని రాసింటారు. లేనోళ్ళకిచ్చేదానికని ప్రతి బండికీ కొంత కోస్తారు. సూడు."

చూశాను. తూకం కూలి కింద ఆ మాట ఉంది. నేను భిక్ష అని అడిగింది నాన్న చెమటలోంచి కోసిపెట్టిన సొమ్మునే.

మర్నాడు ఆమె కూలి పోగొట్టుకుని నన్ను మండీకి లాక్కెళ్ళింది. "అప్పా సావుకారీ, అడుక్కునేదానికి రాలేదు, అడిగేదానికి వచ్చినాము. ఈ పాప నాయన బండికి ధర్మం కోసినారా, ల్యాదా? పాపా, యేలు పెట్టి సూపించు." నేను వేలు పెట్టాను. చుట్టూ ఉన్న రైతులు మెడలు సాచి చూశారు. సావుకారి వాళ్ళను చూసి, మమ్మల్ని చూసి, "నీ నోటికో దండం మరియమ్మా" అని నవ్వేశాడు. సూదులు పూర్తయ్యేదాకా ఇమ్మని మందుల షాపుకు చీటీ రాసిచ్చాడు.

అమ్మ లేచి తిరిగింది. తిరిగిన మొదటి రోజే వీధంతా చెప్పుకొచ్చింది, "మరియమ్మ నన్ను బతికిచ్చినాది" అని. వేలు పెట్టింది నేను కదా! ఆ మాట అమ్మ ఒక్కసారీ అనలేదు. నేనూ మరియమ్మతో ఒక్క మంచి మాట అనలేదు. మిల్లులో పని తగ్గి ఆమె ఎమ్మిగనూరుకు మగ్గాల పనికి పోతుంటే, పీడ విరగడైందనుకున్నాను.

కొన్నేళ్ళకు ఎమ్మిగనూరు సంతలో ఎదురైంది. చెయ్యి పట్టుకుని, "నిన్ను సూస్తే నాకు శానా కుళ్ళుగా ఉండె పాపా" అంది. అదిరిపడ్డాను.

"నా కొడుక్కి రోగమొచ్చినప్పుడు మా ఆయన మా సేని పత్తి అమ్మి తెచ్చిన తక్‌పట్టీ నా కొంగులోనే ఉండె. అందులో ఆ మాట ఉందని నాకేమెరుక? సదివి సెప్పేవాళ్ళు ల్యాకపాయిరి. పిల్లోడు పోయినాక తెలిసె. మీ యమ్మకు నువ్వుంటివి."

మా అమ్మను బతికించింది నువ్వే అక్కా అనాలి. నోటిదాకా వచ్చింది. కుళ్ళో, సిగ్గో, దాన్ని బయటికి రానివ్వలేదు. "ఎండ ముదురుతోంది, వస్తా" అన్నాను. తర్వాత ఆమె చనిపోయిందని విన్నాను. ఇప్పుడు ఎవరి చేతిలో కాగితం కనిపించినా వాళ్ళు అడగకముందే తీసుకుని చదివిపెడతాను. చదివిన ప్రతిసారీ ఆమెతో అనని ఆ మాట మనసులో అనుకుంటాను.