మౌస్ మీంచి తీసిన చెయ్యి

నీళ్ల ప్లాంటు ఆపరేటరు ఇంట్లో ఏ గ్లాసులోనైనా మొదటి గుక్క అతనిదే.

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, కంట్రోల్ రూములో స్క్రీన్ మీది బాణం గుర్తు దానంతటదే కదిలింది. ఇంజనీరుగారు అప్పుడప్పుడు ఇంటి నుంచే లాగిన్ అయ్యి పని చక్కబెట్టేవారు. పెద్దాయన పనికి అడ్డు తగలడం మర్యాద కాదని, ఆపరేటరు మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బాణం తాపీగా వెళ్లి క్లోరిన్ మోతాదును పదింతలు చేసింది.

అప్పుడే టీ గ్లాసుతో ఇంజనీరుగారు లోపలికొచ్చారు. "ఏమయ్యా, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నావేంటి?"

ఆపరేటరు ఆయన వంకా, స్క్రీన్ మీద ఇంకా కదులుతున్న బాణం వంకా చూశాడు. ఒక్క ఉదుటున లేచి పంపు ఆపేశాడు. చుక్క నీరు కూడా ఊళ్లోకి పోలేదు. పాస్‌వర్డులన్నీ మార్చారు, బయటి నుంచి లాగిన్ అయ్యే దారి మూసేశారు, అతన్ని శెభాష్ అన్నారు. లోపలికి చొరబడ్డ ఆ వెధవ ఎవడో మాత్రం ఈ రోజుకీ తెలియదు.

నిన్న మనవరాలు దాహమంటూ వంటింట్లోకి పరుగెత్తింది. గ్లాసు నింపుకుని, తాగకుండా అతని దగ్గరికే తెచ్చింది.

"ముందు నువ్వు తాతయ్యా."

అతను ఒక గుక్క మింగాడు. పిల్ల చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, తాతయ్య మొహంలోకే చూస్తూ కూర్చుంది.